పెరడు దాటిన ఇల్లు

నాకు ఆ ఇల్లు జరపడం ఇష్టం లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పాల్సినప్పుడు చెప్పలేదు, కనీసం కాగితం మీదైనా మొదట ఉండాలి.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. ఒక గది, అందులోనే ఓ పక్క వంటగట్టు, ఒక బాత్రూమ్, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సిన వరండా. ఫ్యాక్టరీలో తయారై ట్రక్కు మీద వచ్చింది. టెక్సస్‌లో ఫ్రిస్కో దాటి ఇంకా ఉత్తరానికి పోతే ఇళ్ళు పల్చబడి మధ్యమధ్య ఆవులు కనపడతాయి. అక్కడ నా స్నేహితుడు ఎకరం స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి వెనక, సరిగ్గా వాళ్ళ వంటింటికి ఎదురుగా నా బుల్లి ఇల్లు ఉండేది.

వాడూ నేనూ ఇంజనీరింగ్‌లో రూమ్మేట్లం. వాడిది కరీంనగర్, నాది తెనాలి. అమెరికా వచ్చాక ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఒకే డొక్కు కార్‌లో ఆఫీసులకి వెళ్ళేవాళ్ళం. తర్వాత వాడికి పెళ్ళయింది, నాకూ అయింది. వాడిది నిలిచింది, నాది నిలవలేదు. పిల్లలు లేరు కాబట్టి విడాకులు సులువుగా అయిపోయాయని అందరూ అన్నారు. సులువుగా అయిపోయినదానికి పరామర్శకి కూడా ఎవరూ రారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇర్వింగ్‌లోనే ఒక్కణ్ణే ఉన్నాను. ఆఫీసు పని కూడా ఇంట్లోంచే కావడంతో శుక్రవారం ఆఖరి మీటింగ్ అయ్యాక మళ్ళీ సోమవారం పొద్దున దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

ఒకసారి జ్వరం వచ్చి ఫోన్ ఎత్తకపోతే వాడు డ్రైవ్ చేసుకుంటూ వచ్చి తలుపు బాదాడు. నన్నూ, సింకులో గిన్నెల్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్ గిట్ల పోతే నాకు ఫోన్ చేసి చెప్పేటోడు గూడ లేడు గదరా" అన్నాడు. ఆ తిట్టులోంచే ఈ బుల్లి ఇల్లు పుట్టింది. మా బ్యాక్‌యార్డ్‌లో ఇల్లు పెట్టుకో, అద్దె గిద్దె అంటే తంతానన్నాడు.

వాడి భార్య నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. స్నేహితుడి భార్యని పిలవడానికి మన మగవాళ్ళకి చేతికందే వరస అదొక్కటే. మొదట్లో మాటవరసకే అనుకున్నాం. రెండు వంటిళ్ళ కిటికీలు ఎదురెదురుగా వచ్చాక అది నిజం వరసైపోయింది. పొద్దున ఆవిడ సింకు దగ్గర నిలబడి గ్లాసు ఎత్తి చూపిస్తే టీ అయిందని. నేను చెయ్యి ఊపితే వస్తున్నానని. నేను లేవడం కాస్త ఆలస్యమైతే వాడు లుంగీతోనే గడ్డి మీదకి వచ్చి "బతికే ఉన్నవారా?" అని కాలనీకంతా వినపడేలా అరిచేవాడు. వాళ్ళమ్మాయి కాలేజీకని ఆస్టిన్ వెళ్ళాక ఆ ఇంట్లో వండినదానికి మూడో వాటా నాదే. ఈ దేశంలో నేను అంత సుఖంగా ఎప్పుడూ లేను.

ఒక ఆదివారం పొద్దున పెసరట్లు తింటున్నాం. వాడు మెడ గోక్కున్నాడు. వాడు మెడ గోక్కున్నాడంటే ఏదో అబద్ధమో, ఇబ్బందో వస్తుందని నాకు హాస్టల్ రోజుల నుంచీ తెలుసు.

"ఏం లేదురా, పూల్ ఒకటి కట్టిద్దామనుకుంటున్నం" అన్నాడు. "నీ ఇల్లున్న జాగ అయితే దానికి మంచిగుంటది. నీ ఇంటిని ఆ చివర మూలకు జరిపితే నీకు గూడ జర ప్రైవసీ ఉంటది గదా."

చెల్లెమ్మ పొయ్యి దగ్గర అటు తిరిగి అట్టు వేస్తోంది. మామూలుగా ఇలాంటి మాటలొస్తే గరిటె పట్టుకుని ఇటు తిరిగి సగం మాట తనే లాక్కుంటుంది. ఆ రోజు తిరగలేదు. ఆ వీపు చూసి నాకు అర్థమైందనుకున్నాను. పొద్దస్తమానం ఎదురుగా ఒక మగమనిషి మొహం పెట్టుకు కూర్చుంటే ఎవరికి మాత్రం విసుగు రాదు? పాపం ఇన్నాళ్ళూ ఓర్చుకున్నారు, ఇప్పుడు మర్యాదగా చెప్తున్నారు.

"భలేవాడివిరా, నేనే అడుగుదామనుకుంటున్నా" అన్నాను.

"నిజంగనా?"

"నిజంగానేరా. ఎంతకాలమని ఇలా మీ మొహాలు చూస్తాను?"

అప్పుడు తిరిగింది చెల్లెమ్మ. మొహం తేటపడింది. "చూశారా, నేను చెప్పలేదూ?" అంది వాడితో. ఇంకో అట్టు నా ప్లేటులో వేసింది. నాకు ఆకలి చచ్చిపోయింది, అయినా తిన్నాను.

నేను నోరు లేనివాణ్ణి కాదు. ఎయిర్‌లైన్స్ వాళ్ళు పెట్టె పోగొడితే కౌంటర్ దగ్గర గొడవపడి మేనేజర్‌ని బయటకి రప్పించినవాణ్ణి. ఆఫీసులో నా నోటికి జడిసి నన్ను కొన్ని మీటింగ్‌లకి పిలవరు కూడా. కానీ అన్నం పెట్టినవాళ్ళ ముందు నాకు మాట రాదు. మొహమాటం అంటే అదే. పరాయివాడి మీద ఎంతయినా అరుస్తాం, మనవాళ్ళనుకున్నవాళ్ళ దగ్గర మాత్రం 'నాకు ఇష్టం లేదు' అనే చిన్న మాట బయటకి రాదు. ఎవరింటికైనా భోజనానికి వెళ్ళి, కడుపు కాలుతున్నా 'చాలండీ' అని చెయ్యి అడ్డం పెట్టి ఇంటికొచ్చి బ్రెడ్డు తిన్న జాతి మాది.

ఇల్లు జరపడానికి సిటీ వాళ్ళ పర్మిషన్ వచ్చింది. అవతలి మూల నేల చదును చేసి, ఇంటిని కూర్చోబెట్టడానికి కాంక్రీట్ దిమ్మెలు పోశారు. పైపులూ కరెంటూ ఊడదీశారు. ఇల్లు గాల్లో ఊగుతుంది కాబట్టి లోపల ఏదీ ఉండకూడదన్నారు. గిన్నెలూ పుస్తకాలూ బట్టలూ వాళ్ళ గరాజ్‌లో పెట్టి, నేను వాళ్ళమ్మాయి గదిలోకి మారాను. ఒకటి రెండు రోజులే కదా అనుకున్నాం. ఇంతలో గాలి మొదలైంది. టెక్సస్‌లో వసంతమంటే పువ్వుల కంటే ముందు గాలే. క్రేన్ వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి, ఈ గాలిలో ఎత్తలేం, రేపు చూద్దాం అనేవాళ్ళు. వాడు విసుక్కునేవాడు. నేనూ పైకి విసుక్కునేవాణ్ణి. బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని వెదర్ యాప్ తీసి, రేపు కూడా గాలేనని ఉంటే చంటిపిల్లాడిలా సంతోషించేవాణ్ణి.

ఆ రోజులు ఇప్పటికీ తలుచుకుంటాను. పక్కగదిలో వాడి గురక, వంటింట్లో మిక్సీ చప్పుడు, ఎవరో ఒకరు లైట్ తీయలేదని ఎవరో ఒకరి మీద అరవడం. భోజనాల దగ్గర చెల్లెమ్మకీ నాకూ ఆవకాయ మీద యుద్ధం. ఆవిడ పుట్టిల్లు విజయవాడ, బెల్లం ఆవకాయ కూడా ఆవకాయేనంటుంది. వాడు టీవీ ముందు రిక్లైనర్‌లో నోరు తెరుచుకుని నిద్రపోతే దుప్పటి ఎవరు కప్పాలని మళ్ళీ ఇంకో వాదన. నేను మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండేవాణ్ణి. లేవగానే దుప్పటి హోటల్‌లోలా మడతపెట్టేవాణ్ణి, తిన్న కంచం కడిగేసేవాణ్ణి, స్నానం ఐదు నిమిషాల్లో ముగించేవాణ్ణి. ఎంత తక్కువ కనపడితే అంత ఎక్కువ రోజులు ఉండనిస్తారని లోపల ఎక్కడో ఆశ.

"మీకు ఇక్కడ ఇబ్బందిగా ఉన్నట్టుంది అన్నయ్యా" అంది చెల్లెమ్మ ఓ సాయంత్రం, నా చేతిలోంచి కంచం లాక్కుంటూ.

"లేదమ్మా, హాయిగా ఉంది."

"మీరలాగే అంటారు లెండి. ఇంకెంత, గాలి తగ్గితే మీ ఇంట్లో మీరుంటారు."

నన్ను ఓదారుస్తోందా, తనని తను ఓదార్చుకుంటోందా అనిపించింది. గిన్నెలు తుడిచాను.

గాలి తగ్గింది. ఆ పొద్దున ఆకు కదలలేదు. నాకు ఆ చెట్ల మీద కూడా కోపం వచ్చింది. క్రేన్ వచ్చి ఇంటి పక్క ఖాళీ స్థలంలో నాలుగు కాళ్ళూ చాపుకుని, ఒక్కో కాలి కింద మందపాటి చెక్కలు వేయించుకుని నిలబడింది. పెద్ద ఎర్ర గడ్డం ఉన్నాయన వాళ్ళకి మేస్త్రీ. ఇంటి అడుగు నుంచి వెడల్పాటి పట్టీలు దూర్చి, పైన ఇనుప దూలానికి కట్టారు. రెండు మూలలకి తాళ్ళు కట్టి ఇద్దరు పట్టుకున్నారు, ఇల్లు తనిష్టం వచ్చినట్టు తిరగకుండా. పక్కింటి ముసలాయన కాఫీ కప్పుతో కంచె దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. నా స్నేహితుడు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ "అగో, దొరవారు బయలెల్లిండ్రు" అని కామెంటరీ మొదలెట్టాడు.

నేలని వదిలేటప్పుడు ఇల్లు ఒక్కసారి గట్టిగా కిర్రుమంది. తర్వాత చప్పుడు లేదు. నా ఇంటి అడుగు నేనెప్పుడూ చూడలేదు. బురద పట్టిన దూలాలు, ఒక చోట కందిరీగల మట్టిగూళ్ళు. ఇల్లు లేచిన చోట గడ్డి లేని పాలిపోయిన నేల, అందులో నేను ఎప్పుడో పోయిందనుకున్న చెంచా. ఇంటిని ఎంత మెల్లగా తిప్పారంటే, నా వంటింటి కిటికీ ముందు వాళ్ళ ఇంటిని చూసింది, తర్వాత రోడ్డుని, తర్వాత అవతలి పొలంలో ఆవుల్ని. ఆ గదిలో తిన్నవాణ్ణి, పడుకున్నవాణ్ణి నేను. అది అంత తేలిగ్గా లేచిపోతుంటే నా బతుకు బరువు ఇంతేనా అనిపించింది. ఏడుపొచ్చింది. ఎండ కళ్ళలో పడుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

కొత్త దిమ్మెల మీద దింపే ముందు ఎర్ర గడ్డం మేస్త్రీ నా దగ్గరకి వచ్చి అడిగాడు, గుమ్మం ఇంతకుముందులా పెద్ద ఇంటి వైపే ఉండాలా, లేక కంచె వైపు తిప్పాలా అని. పైపులు మధ్యలోంచి వస్తాయి కాబట్టి ఎటయినా పర్వాలేదట. గుమ్మమూ వంటింటి కిటికీ ఒకే గోడకి ఉన్నాయి. గుమ్మం ఎటు ఉంటే కిటికీ అటే.

ముందున్నట్టే పెట్టండి. నాలుక చివరిదాకా వచ్చింది. వాళ్ళిద్దరి వైపు చూశాను. ఎవరైనా ఒక్కరు 'ఇటే పెట్టించు' అంటే చాలు.

"నీ ఇష్టం రా" అన్నాడు వాడు. మెడ గోక్కున్నాడు. "ఎట్లాగూ లేపిండ్రు, అటు తిప్పితే తూర్పు మొకం గూడ అయితది."

"అన్నయ్యకి ఎలా కంఫర్టబుల్‌గా ఉంటే అలా" అంది చెల్లెమ్మ.

"తూర్పుకే పెట్టమను" అన్నాను.

ఇల్లు ఇంకాస్త తిరిగి, వాళ్ళకి వీపు చూపించి కూర్చుంది. మేస్త్రీ బొటనవేలు పైకెత్తాడు, నేనూ ఎత్తాను.

క్రేన్ వెళ్ళాక చెల్లెమ్మ పసుపు, గిన్నె, పాలు, చిన్న గ్యాస్ స్టవ్ పట్టుకుని వచ్చింది. కరెంటు ఇంకా కలపలేదు. "ఒకసారి నేలని వదిలి మళ్ళీ కూర్చుంది కదా, ఇది కొత్త ఇంటి కిందే లెక్క. పాలు పొంగించకుండా లోపల పడుకోకూడదు" అంది. అలాంటి శాస్త్రం ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ట్రక్కులో వచ్చిన ఇల్లు, క్రేన్ మీద లేచిన ఇల్లు, వీటి గురించి ఏ పంతులు మాత్రం ఏం చెప్తాడు? గడపకి పసుపు రాసి, ఖాళీ గదిలో నేల మీదే స్టవ్ వెలిగించింది. వాడు గరాజ్‌లో నా సామాన్లు బండికెక్కిస్తున్నాడు. మేమిద్దరం స్టవ్‌కి అటూ ఇటూ గొంతుక్కూర్చున్నాం. కిటికీలోంచి కంచె తప్ప ఏమీ కనపడటం లేదు.

పాల అంచు వణకడం మొదలైంది. చెల్లెమ్మ నవ్వుతూ నా వైపు చూసింది.

"ఇప్పుడిక హాయి కదా అన్నయ్యా. మీరు తుమ్మినా మాకు వినపడదు. పరిగెత్తుకు రాం."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఆ తుమ్ము మాట ఎక్కడిదో గుర్తొచ్చింది.

ఆ పెసరట్ల ఆదివారానికి కొన్నాళ్ళ ముందు తెనాలి నుంచి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళు నిన్ను బాగా చూసుకుంటున్నారా అని అడిగింది. "ఏం బాగులే అక్కా" అన్నాను. "వాళ్ళ వంటింట్లో నిలబడితే నా మంచం కనపడుతుంది. తుమ్మితే చాలు ఏమైందని ఇద్దరూ పరిగెత్తుకొస్తారు. ఒక్క నిమిషం వదలరు, ప్రాణాలు తీస్తున్నారు." మా ఇంట్లో గొప్పలు చెప్పుకోవడం అంటే ఇదే. సుఖంగా ఉన్నామని మేము పైకి ఒప్పుకోం, దిష్టి తగులుతుందని భయం. నాకు పరీక్షలో మంచి మార్కులొచ్చాయని ఎవరైనా అంటే మా అమ్మ "ఏం మార్కులో, కళ్ళజోడు తెచ్చుకున్నాడు" అనేది. అంటూ మురిసిపోయేది. అక్కకి ఆ భాష తెలుసు. నేను విసుక్కున్నకొద్దీ ఫోన్‌లో దాని గొంతు తడిసిపోయింది. "పోనీలేరా, చల్లగా ఉన్నావు" అంది.

ఆ రోజు కిటికీ తీసే ఉంది. ఎదురు కిటికీలో చెల్లెమ్మ గిన్నెలు కడుగుతోంది. వాళ్ళింట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటారు. విసుగంటే విసుగే.

"మరి పూల్?" అన్నాను.

"పూలేంటి అన్నయ్యా, మా ఇద్దరికీ ఈత కూడా రాదు. మిమ్మల్ని ప్రైవసీ కావాలా అని అడిగితే మీరు మొహమాటపడి వద్దంటారని ఈయన అల్లిన కథ అది. మీరే అడుగుదామనుకున్నానని అన్నాక గానీ నా మనసు కుదుటపడలేదు. మా వల్ల మీకు ఊపిరాడటం లేదని రోజూ అనుకునేదాన్ని."

పాలు పొంగాయి. పొంగి స్టవ్ మీదా, నేల మీదా పడ్డాయి. ఆవిడ చేతులు జోడించింది. ఆ మొహంలో ఎంత తృప్తి ఉందంటే, తోబుట్టువుకి ఇల్లు కట్టించి ఇచ్చినట్టుంది. ఆ మొహం చూసి ఇప్పుడు నిజం చెప్పాలా? మీరు పడ్డ శ్రమంతా తప్పమ్మా, నాకు మీ కిటికీ కావాలి, మీ తిట్లు కావాలి, తుమ్మితే ఎవరో ఒకరు పరిగెత్తుకు రావాలి, అనాలా? చెప్పాల్సింది అప్పుడే. క్రేన్ ఇంకా ఫ్రిస్కో కూడా దాటి ఉండదు.

"చాలా హాయిగా ఉంది చెల్లెమ్మా" అన్నాను.

మా వంశంలో సుఖంగా ఉన్నానని పైకి చెప్పిన మొదటివాణ్ణి నేనేననుకుంటా. అదీ అబద్ధం.

ఆ తర్వాత వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. నా ప్రశాంతతని పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. వాడు లుంగీతో వచ్చి అరవడం మానేసి, 'ఫ్రీనా?' అని మెసేజ్ పెట్టడం మొదలెట్టాడు. నిజంగానే ఫ్రీగా ఉన్నవాడికి ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో వాడికేం తెలుసు. చెల్లెమ్మ టీ ఫ్లాస్కులో పోసి, వరండాలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేది. కంచె వైపు వరండా కదా, ఇల్లంతా చుట్టి రావాలి. అడుగుల చప్పుడు విని నేను లేచి తలుపు తీసేలోపు సగం దూరం వెళ్ళిపోయి ఉండేది. పిలిస్తే వెనక్కి తిరిగి, పని చేసుకోండి అన్నట్టు చెయ్యి ఊపేది. టీ బాగానే ఉండేది. మళ్ళీ శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా గొంతు పెగలని రోజులు వచ్చేశాయి. మనుషులు కనుచూపు మేరలో ఉండి కూడా.

కొన్ని వారాలు ఓర్చుకున్నాను. ఒక శనివారం ఖాళీ ఫ్లాస్కు ఇచ్చే నెపంతో పెరడంతా నడుచుకుంటూ వెళ్ళాను. వాడు పైపుతో టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. దారిలో మాటలు కూర్చుకున్నాను. నవ్వకూడదు, వెటకారం రానీయకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అనుకున్నాను.

"ఒరేయ్, ఆ క్రేన్ వాణ్ణి మళ్ళీ పిలువు" అన్నాను. "నన్ను ఎక్కడి నుంచి ఎత్తారో అక్కడే దింపమను. అక్కడ నాకు ఒక్కణ్ణే ఉండటం చేత కావట్లేదు."

వాడు నన్ను చూశాడు. పైపు కింద పడేశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "ఇగో, విన్నవా మీ అన్నయ్య ఏమంటున్నడో" అని లోపలికి కేకేసి, నా మాటనే నా గొంతుతో అనుకరించి చెప్పాడు. చెల్లెమ్మ గుమ్మంలోకి వచ్చి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నయ్య అంత సీరియస్‌గా మొహం ఎలా పెడతారో!" అంది.

"జోక్ కాదురా" అన్నాను.

దానికి వాడు ఇంకా గట్టిగా నవ్వాడు.